బెర్లిన్‌లో మన జట్టు ఏది?

మీ వయసు ఇరవైల్లో ఉండి, రెండు వారాల సెలవూ కాస్త దాచుకున్న డబ్బూ ఉంటే, యూరప్‌లో ఏదైనా ఒక రాజధానిని ఫుట్‌బాల్ పోటీలు జరిగే నెలలోనే వెళ్ళి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటారు. హాస్టల్లో మంచానికి రెండింతల అద్దె, రైల్లో నిలబడడానికి చోటుండదు, అర్ధరాత్రి దాకా వీధుల్లో అరుపులు. వాళ్ళు చెప్పేదంతా నిజమే. అయినా వెళ్ళమనే నేను చెబుతాను. మామూలు రోజుల్లో మీ పక్కన నడిచే మనిషి ఎవరో, ఎవరి వైపో మీకు తెలియదు. ఆ నెలలో మాత్రం అందరూ దాన్ని చొక్కాగా తొడుక్కుని తిరుగుతారు. ముత్తాతో ఆయన తండ్రో కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కినందువల్ల ఈ పత్రిక చదువుతున్నవాళ్ళం మనం. ఆ చొక్కాలు చూస్తుంటే మనకి వచ్చే ఆలోచనలు వేరు.

నేను వెళ్ళింది 2024లో, బెర్లిన్‌కి. ఆ ఏడు యూరో పోటీలు జర్మనీలో జూన్ 14 నుంచి జూలై 14 దాకా జరిగాయి. 24 జట్లు, 10 నగరాలు, 51 ఆటలు. ఫైనల్‌తో కలిపి 6 ఆటలు బెర్లిన్‌లో. జూన్ చివరి వారంలో దిగి, జూలై 8న తిరిగొచ్చాను.

డర్బన్‌లోనో మారిషస్‌లోనో ఉన్న మీకు మా యూ టీ ఎక్కడో తెలియకపోవచ్చు. సింగపూర్‌కి వాయవ్య మూల ఉంటుంది. తియోచూ చైనీయుల భాషలో ఆ పేరుకి నూనె చెరువు అని అర్థం. ఒకప్పుడు చిన్న పల్లె, ఇప్పుడు హౌసింగ్ బోర్డు ఫ్లాట్లు, మధ్యలో ఎమ్మార్టీ స్టేషన్. మా తాత పుట్టింది ఇక్కడ కాదు, మలేషియాలో పేరక్ రాష్ట్రం, బాగాన్ దాతో దగ్గర కొబ్బరి తోటల్లో. ఆ తోటల్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. తాత సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ ప్రయాణంలో ఆయనకి పని ఉంది.

ముందు పనికొచ్చే ముక్కలు నాలుగు చెప్పేస్తాను. ఆట టికెట్టు దొరక్కపోయినా బెంగ పెట్టుకోకండి, నాకూ దొరకలేదు. బ్రాండెన్‌బుర్గ్ ద్వారం ముందు పెద్ద గోల్‌పోస్టు నిలబెట్టి, రోడ్డు పొడవునా ఆకుపచ్చ కృత్రిమ గడ్డి పరిచి, భారీ తెరల మీద ఆటలు చూపించారు. లోపలికి వెళ్ళడం ఉచితం. ఆ ఏడాది నెలకి 49 యూరోల టికెట్టు కొంటే దేశమంతటా లోకల్ రైళ్ళూ బస్సులూ ట్రాములూ ఎక్కొచ్చు. జూలైలో రాత్రి తొమ్మిదిన్నరకి గానీ పొద్దు గూకదు. ఏడు గంటలకల్లా చీకటి పడే ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఆ వెలుతురు వింతగా ఉంటుంది, భోజనం వేళలన్నీ తప్పుతాయి. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలకి ఒక్క మాట: జనం ఎక్కువ ఉన్న రైలు పెట్టె గురించి భయపడకండి, ఖాళీ పెట్టె ఎక్కకండి.

ఇంకొకటి. నీళ్ళ ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు, బీరు సీసాకి 8 సెంట్లు వెనక్కి ఇస్తారు. ఆట ముగిశాక అభిమానుల కాళ్ళ మధ్య వంగి సీసాలు ఏరుకునే ముసలివాళ్ళు కనిపిస్తారు. మా బ్లాకు కింద అట్టపెట్టెలు పోగుచేసి బండి తోసుకుపోయే అవ్వ గుర్తొచ్చింది. సీసాని చెత్తబుట్టలో పడేయకుండా పక్కన పెట్టండి. అక్కడ అందరూ అలాగే చేస్తారు.

ఇక స్టేడియం. యూ2 రైలెక్కి ఒలింపియా స్టాడియోన్‌లో దిగండి. టికెట్టు లేకపోయినా బయటి మైదానం దాకా వెళ్ళొచ్చు. 1936 ఒలింపిక్స్ కోసం నాజీలు కట్టించిన రాతి కట్టడం అది. అమెరికా నల్లజాతి పరుగువీరుడు జెస్సీ ఓవెన్స్ 4 బంగారు పతకాలు గెలిచింది ఇక్కడే. ఇప్పుడు పక్కనున్న దారికి ఆయన పేరే పెట్టారు. ఆ ఒలింపిక్స్‌లోనే, ఈ ఆవరణలోనే ఉన్న హాకీ మైదానంలో ధ్యాన్‌చంద్ జట్టు ఆగస్టు 15న జర్మనీని 8–1తో ఓడించింది. అది మన పెద్దలందరూ చెప్పే కథే.

ఎవరూ చెప్పని కథ ఇంకొకటి ఉంది. 2006 ప్రపంచ కప్ ఫైనల్ కూడా ఈ మైదానంలోనే జరిగింది. జూలై 9, ఇటలీ, ఫ్రాన్స్. జిదాన్ తలతో గుద్ది ఎర్రకార్డు తిన్న ఆట అంటే అందరికీ తెలుస్తుంది. 1–1 అయ్యాక పెనాల్టీల్లో ఇటలీ 5–3తో గెలిచింది. ఆ రాత్రి ఫ్రాన్స్ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో ఒకరి పేరు వికాష్ ధొరాసూ. ఆ పేరుని ఒకసారి పైకి పలికి చూడండి. నాకైతే అందులో దొర వినిపిస్తుంది. 1973లో ఫ్రాన్స్‌లోని ఆర్‌ఫ్లర్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు మారిషస్ నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మూలాలున్న కుటుంబం. చెరుకు తోటల కోసం మన తీరం నుంచి ఓడెక్కినవాళ్ళ వారసుడు. లియాన్‌కీ, ఏసీ మిలాన్‌కీ, పారిస్ సాన్ జెర్మాన్‌కీ ఆడాడు, ఫ్రాన్స్ జాతీయ జట్టుకి 18 సార్లు. 2006 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ కప్ ఫైనల్లో మార్సెయ్ మీద చాలా దూరం నుంచి కొట్టి గెలిపించిన గోలు ఆయనదే.

ఆ ప్రపంచ కప్‌లో మాత్రం ఆయన్ని రెండు ఆటల్లో చివరి నిమిషాలకే దింపారు. మిగతా నెలంతా కూర్చోబెట్టారు. ఆయన ఏం చేశాడో తెలుసా? ఒక చిన్న సూపర్ 8 కెమెరా వెంట తీసుకెళ్ళి, హోటల్ గదినీ కిటికీలనీ తన ఎదురుచూపునీ చిత్రీకరించాడు. ఫ్రెడ్ పూలే అనే దర్శకుడితో కలిసి దాన్ని సినిమాగా చేశారు, పేరు సబ్‌స్టిట్యూట్. భారత మూలాలున్న ఆటగాడు ప్రపంచ కప్ మైదానంలో దిగాడు. హైదరాబాదులో గానీ విశాఖలో గానీ ఎంతమందికి ఈ పేరు తెలుసు? మన పత్రికలో కూడా ఇంతవరకు చదివిన గుర్తు లేదు నాకు. జెస్సీ ఓవెన్స్ దారిలో నిలబడి, లోపల బెంచీ ఏ వైపు ఉండి ఉంటుందా అని ఊహించుకుంటూ చాలాసేపు ఉండిపోయాను.

అక్కణ్ణుంచి మీరు క్రాయిత్స్‌బెర్గ్ వెళ్ళాలి. కొట్‌బుసర్ టోర్ స్టేషన్లో దిగితే టర్కీ అంగళ్ళు, పుచ్చకాయల గుట్టలు, కాల్చిన మాంసం వాసన. ఈ పేట ఇలా ఎందుకయిందో తెలుసుకుని నడిస్తే బావుంటుంది. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ రాత్రికి రాత్రి సరిహద్దు మూసి గోడ మొదలుపెట్టింది. తూర్పు నుంచి రోజూ పనికి వచ్చే కూలీలు పశ్చిమ బెర్లిన్ కర్మాగారాలకి అందకుండా పోయారు. అదే ఏడు అక్టోబర్ 30న పశ్చిమ జర్మనీ టర్కీతో కూలీల ఒప్పందం రాసుకుంది. ఇస్తాంబుల్‌లో జర్మన్ల కార్యాలయం పెట్టి, వచ్చినవాళ్ళ పళ్ళు చూసి, రక్తమూ మూత్రమూ పరీక్షించి, పనికొస్తాడంటేనే రైలెక్కించారు. మద్రాసు డిపోలో మనవాళ్ళని నిలబెట్టి చూసినట్టే. వాళ్ళకి పెట్టిన పేరు అతిథి కార్మికులు. మన మాటలో అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడు. వీళ్ళకి తిరిగి వెళ్ళాల్సిన తిథి ముందే రాశారు, మొదట్లో రెండేళ్ళే గడువు. పని నేర్చినవాణ్ణి పంపేసి కొత్తవాణ్ణి తెచ్చుకోవడం యజమానులకే నష్టమై 1964లో ఆ గడువు తీసేశారు. 1973 నవంబరులో కొత్తవాళ్ళని తేవడం ఆపేశారు. ఉన్నవాళ్ళు ఉండిపోయారు, భార్యాపిల్లల్ని పిలిపించుకున్నారు. గోడ పక్కన ఎవరూ ఉండడానికి ఇష్టపడని క్రాయిత్స్‌బెర్గ్‌లో అద్దెలు తక్కువ కాబట్టి అక్కడ చేరారు.

ఆ పేటలోనే బెథానియెన్‌డామ్ అనే వీధి దగ్గర చెక్కముక్కలతో, పాత సామానుతో కట్టిన రెండంతస్తుల కొంప ఉంది, చుట్టూ కూరతోట. దాన్ని తప్పకుండా చూడండి. ఒస్మాన్ కాలిన్ అనే టర్కీ కార్మికుడు 1980ల్లో అక్కడ ఉల్లీ వెల్లుల్లీ నాటాడు. ఆ ముక్క నేల గోడకి పడమటి వైపున ఉన్నా, లెక్క ప్రకారం తూర్పు జర్మనీది. గోడని తిన్నగా కట్టుకోవాలని వాళ్ళు ఆ మూలని బయట వదిలేశారు. పశ్చిమ బెర్లిన్ పోలీసులకి అక్కడ అధికారం లేదు, తూర్పువాళ్ళు చూసీ ఊరుకున్నారు. గోడ పోయింది, 2018లో ఆయనా పోయాడు, తోట ఉంది. సింగపూర్ వాళ్ళకి ఇది వింతేమీ కాదు. యూ టీకి తూర్పున నడక దూరంలో పోయే రైలు పట్టాల నేల 2011 జూన్ దాకా మలేషియా రైల్వేదే. ఒక దేశం మధ్యలో ఇంకో దేశపు సన్నటి చార. ఆ పట్టాల పొడవునా అరటీ వంకాయా పండించుకున్న ముసలివాళ్ళు ఉండేవారు. ఇప్పుడది రైల్ కారిడార్ అనే నడకదారి.

తూర్పు వైపు కథ కూడా మీకు తెలియాలి. పర్యాటకుల పుస్తకాలు దీన్ని గబగబా దాటేస్తాయి. ఎమ్8 ట్రాము ఎక్కి హెర్త్స్‌బెర్గ్ వీధికి వెళితే డాంగ్ షువాన్ సెంటర్ అని పెద్ద వియత్నాం బజారు, రేకుల షెడ్ల వరస. తూర్పు జర్మనీ కూడా కూలీలని తెచ్చుకుంది, వియత్నాం, మొజాంబిక్, అంగోలా, క్యూబా నుంచి. వాళ్ళని ఒప్పంద కార్మికులు అన్నారు. గడువు నాలుగైదేళ్ళు. నివాసం హాస్టళ్ళలో, మనిషికి 5 చదరపు మీటర్ల జాగా. ఆడమనిషి గర్భవతి అయితే కడుపు తీయించుకోవాలి, లేదా ఇంటికి పోవాలి. ఆ నియమం దాదాపు చివరిదాకా సాగింది. మొజాంబిక్ వాళ్ళ జీతంలో పెద్ద భాగం పట్టుకుని, ఊరు వెళ్ళాక ఇస్తామన్నారు. ఆ డబ్బు కోసం వాళ్ళు మపూటో వీధుల్లో దశాబ్దాలుగా ఊరేగుతున్నారు. 1989లో గోడ కూలినప్పుడు వియత్నాం కార్మికులే దాదాపు 60,000 మంది ఉన్నారు, ఒక్కసారిగా పనీ పోయింది, హాస్టలూ పోయింది. వెళ్ళనివాళ్ళు సిగరెట్లు అమ్మారు, పూలు అమ్మారు, తర్వాత బజారు కట్టుకున్నారు. గిరిమిట్ అన్న మాట మన ముత్తాతలతో పోయిందనుకునేవాళ్ళు ఈ షెడ్లలో ఒక పూట తిరగండి. మధ్యాహ్నం ఫో మాత్రం చాలా బావుంటుంది.

ఆ బజారు బయటే ఒక తెలుగు కుర్రాడు కలిశాడు, సైకిల్ మీద ఫుడ్ డెలివరీ. హైదరాబాదు నుంచి చదువుకోవడానికి వచ్చాడు. నేను ఫోన్లో తాతతో మాట్లాడడం విని ఆగి, "మీది ఏ ఊరండీ?" అన్నాడు. యూ టీ అన్నాను. "అది కాదండీ, అసలు ఊరు?" అన్నాడు. నా దగ్గర ఉన్నది ఒక జిల్లా పేరు మాత్రమే, విశాఖపట్నం. ఊరి పేరు తాతకీ తెలియదు. అతనికి అది నమ్మశక్యం కాలేదు. మీలో చాలామందికి ఈ సంభాషణ అలవాటే కాబట్టి పొడిగించను.

ఇప్పుడు జూలై 6 రాత్రి. ఒలింపియా స్టాడియోన్‌లో క్వార్టర్ ఫైనల్, టర్కీకి నెదర్లాండ్స్‌కి. ముందు రోజే జర్మనీ అదనపు సమయం చివర్లో స్పెయిన్ చేతిలో 2–1తో ఓడి ఇంటిదారి పట్టింది. క్రాయిత్స్‌బెర్గ్ బాల్కనీల్లో రెండేసి జెండాలు, జర్మనీదీ టర్కీదీ. ఒకదాన్ని ఎవరూ దింపలేదు, రెండోదాని వంతు వచ్చింది.

ఆ రాత్రి ఎవరు ఎవరి తరఫున ఆడారో చూడండి. టర్కీ కెప్టెన్ హకాన్ చల్హానోలు పుట్టింది మాన్‌హైమ్‌లో. కెనాన్ యిల్దిజ్ రేగెన్స్‌బుర్గ్‌లో. ఫెర్ది కాదియోలు పుట్టి పెరిగింది నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్, ఆ రాత్రి ఆడింది నెదర్లాండ్స్ మీదే. మెర్త్ ముల్దూర్ వియన్నాలో పుట్టి, నాలుగు రోజుల ముందే ఆస్ట్రియాని ఓడించిన టర్కీ జట్టులో ఉన్నాడు. అవతల డచ్చి కెప్టెన్ వాన్ డైక్ తల్లిది సురినామ్. 1873లో లల్లా రూఖ్ ఓడ కలకత్తా నుంచి గిరిమిట్ కూలీలని దింపిన దేశం అది. ఇక ఇంటికి వెళ్ళిపోయిన జర్మనీ జట్టు కెప్టెన్ ఇల్కాయ్ గుందోవాన్, గెల్సెన్‌కిర్షెన్‌లో గని కార్మికుడి మనవడు.

నేను ఒరానియెన్ వీధిలో ఒక దుకాణం ముందు పేవ్‌మెంటు మీద చూశాను. బెర్లిన్‌లో రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే చిల్లర కొట్లు టీవీని బయట పెట్టి, బీరు పెట్టెలు తిరగేసి కూర్చోమంటాయి. నా పక్కన ఒక పెద్దాయన, ఆయన కూతురు, ఆమె కొడుకు. 35వ నిమిషంలో అకైదిన్ తలతో గోలు కొట్టినప్పుడు వీధి వీధంతా లేచింది. ఆ పిల్లవాడు జర్మనీ చొక్కా వేసుకుని టర్కీ కోసం అరుస్తున్నాడు, అందులో విడ్డూరం ఎవరికీ కనిపించలేదు. 70వ నిమిషంలో డచ్చివాళ్ళు సమం చేశారు. 76లో బంతి ముల్దూర్ కాలికి తగిలి సొంత గోల్లోకి పోయింది. 2–1. చివరి పది నిమిషాలూ టర్కీ వేసిన బంతులన్నీ ఎవరో ఒకరి కాలో చెయ్యో అడ్డుపడి ఆగాయి. పెద్దాయన టర్కిష్‌లో ఏదో అన్నాడు, కూతురు జర్మన్‌లో జవాబిచ్చింది, పిల్లవాడు ఏడ్చాడు.

ఇదంతా ముద్దుగా ఉందని మాత్రం అనుకోకండి. ఆస్ట్రియా మీద గోలు కొట్టిన దెమిరాల్ రెండు చేతులతో తోడేలు గుర్తు చూపించాడు. అది టర్కీలో తీవ్ర జాతీయవాదుల గుర్తు. రెండు ఆటల నిషేధం పడింది. జూలై 6న స్టేడియానికి ఊరేగింపుగా వెళుతున్న అభిమానులు అదే గుర్తు చూపిస్తుంటే బెర్లిన్ పోలీసులు ఊరేగింపుని ఆపేశారు. ఆ పేటలో కుర్దులు కూడా ఉంటారు, వాళ్ళకి ఆ గుర్తు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఊరికి దూరమైనకొద్దీ ఊరి మీద పంతం పెరగడం మన సంఘాల్లో కూడా చూస్తున్నదే. పేర్లు చెప్పను.

ఆ పోటీల మధ్యలో, జూన్ 27న, జర్మనీలో కొత్త పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు టర్కీ వాళ్ళు జర్మన్ కావాలంటే సాధారణంగా టర్కీ పాస్‌పోర్టు వదులుకోవాలి. ఇప్పుడు రెండూ ఉంచుకోవచ్చు. మొదటి తరం అతిథి కార్మికులకి రాత పరీక్ష అక్కర్లేదు, రోజువారీ పనులకు సరిపడా జర్మన్ మాట్లాడితే చాలు. అరవై ఏళ్ళు పట్టింది. ఆ ముసలివాళ్ళలో ఎంతమంది మిగిలున్నారన్నది వేరే మాట. అదే ఏడు మార్చిలో భారత ప్రభుత్వం మారిషస్‌లో ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామంది. మారిషస్ పాఠకులకి అభినందనలు. సింగపూర్‌లో మాకు రెండో పౌరసత్వం కుదరదు. ఓసీఐకి కాగితాలు కావాలి, ఊరి పేరు కూడా లేనివాళ్ళం ఏ కాగితం తెస్తాం?

ఆట ముగిసేసరికి బెర్లిన్‌లో రాత్రి పదకొండు, యూ టీలో తెల్లవారి అయిదు. తాత మేలుకునే ఉన్నాడు, మూడింటికి లేచి టీవీ ముందు కూర్చున్నాడట. ఫోన్ చేసి, ఇక్కడి వాళ్ళు ఇక్కడే పుట్టి టర్కీ కోసం ఏడుస్తున్నారు తాతా అన్నాను. కాసేపు ఆగి, "పేరక్ ఆట గుర్తుందా అమ్మా? నువ్వు పుట్టలేదులే" అన్నాడు.

సింగపూర్ జట్టు 1994 దాకా మలేషియా కప్‌లో ఆడేది. కలాంగ్ స్టేడియం నిండిపోయేది, ఆ అరుపుకి కలాంగ్ రోర్ అని పేరే ఉంది. సింగపూర్ ఎవరితో ఆడినా తాత అందరితో పాటు అరిచేవాడు. పేరక్ వచ్చిన రోజు మాత్రం స్నేహితులతో వెళ్ళి నోరు మూసుకుని కూర్చునేవాడట. ఎవరు గోలు కొట్టినా సగం సంతోషం. "పక్కవాళ్ళు నాకు జ్వరం అనుకునేవాళ్ళు" అన్నాడు. పేరక్ చొక్కా కొనుక్కోవచ్చుగా తాతా అంటే, "నీ ముత్తాత తోట వదిలి టౌనుకి పోతానంటే కంగాణీ ఏమన్నాడో తెలుసా, నువ్వు ఎవరి మనిషివి అన్నాడు. నా బతుకంతా ఎవరూ ఆ మాట అడక్కుండా చూసుకున్నాను" అన్నాడు. ఈ సంగతి ఆయన అంతకుముందెప్పుడూ చెప్పలేదు. పక్కన పెద్దాయన బీరు పెట్టెలు సర్దుతున్నాడు, నేను లేవాల్సి వచ్చింది.

డబ్బు అయిపోయింది కాబట్టి ఫైనల్‌కి ఉండలేదు. జూలై 15 తెల్లవారుజామున మా ఇంట్లోనే చూశాం, స్పెయిన్, ఇంగ్లండు. ముందు రోజే 17 ఏళ్ళు నిండిన లమీన్ యమాల్ బంతి ఇస్తే నీకో విలియమ్స్ మొదటి గోలు కొట్టాడు. ఒకడి తండ్రిది మొరాకో, ఇంకొకడి అమ్మానాన్నలు ఘానా నుంచి సహారా ఎడారి దాటి వచ్చినవాళ్ళు. నేను గంతులేశాను. తాత కదల్లేదు. తెల్లదొరల తోటలో పుట్టిన మనిషి, ఇంగ్లండు ఓడాలని కోరుకుంటాడనుకున్నాను. కాదట, యాభై ఏళ్ళుగా శనివారం రాత్రుళ్ళు టీవీలో చూసింది వాళ్ళ ఆటే కదా అన్నాడు. పామర్ సమం చేసినప్పుడు కుర్చీ చేతిమీద రెండుసార్లు కొట్టాడు. ఒయార్జాబల్ 86వ నిమిషంలో స్పెయిన్‌ని గెలిపించాక టీవీ ఆపేసి, టీ పెట్టమన్నాడు.

2028 యూరో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఐర్లండుల్లో. ఫైనల్ వెంబ్లీలో, లండన్‌లో. ఇప్పటినుంచే దాచుకోండి, హాస్టళ్ళు ఏడాది ముందే నిండుతాయి.